అభిప్రాయాల పెట్టెలో దొరికిన వస్తువులు

గడువు: 1వ రోజు

ముప్పై ఏడవ నిబంధన ముసాయిదాను ఈ ఉదయం మంచుగనిలోని పదకొండు గల్లీలలోనూ అంటించాను. అంటించిన స్థలాల జాబితా ఆఫీసు పుస్తకంలో ఉంది. ఆఫీసు పుస్తకంలో రాయకూడనివి ఈ పుస్తకంలో రాసుకుంటాను.

ముసాయిదా సారాంశం ఇది. మూడో బాయిలర్ అరిగిపోయింది. పిల్లల గదిలో వేడి పదిహేడు డిగ్రీలకు పడిపోయింది. ఇకపై పది గల్లీలకు మాత్రమే వేడి పంచగలం. కనుక గని అంచున ఉన్న తొమ్మిదవ గల్లీకి వేడి నిలిపివేసి, అక్కడి ముప్పై ఒక్క మందిని గదులు ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడికి, అంటే అయిదు గల్లీలకు, పంపుతారు. అయిదింటికీ అయిదు రంగులు వేసి పటం గీసి ముసాయిదాకు జతచేశాను. బాగా కుదిరింది.

గడువు అరవై రోజులు. సెరెస్ అనే ఈ మరుగుజ్జు గ్రహం మీద నివసించే ఎవరైనా అభిప్రాయం చెప్పవచ్చు. ప్రతి అభిప్రాయానికీ కారణంతో సహా జవాబు ఇవ్వాలి. ఒక్కదానికి ఇవ్వకపోయినా నిబంధన చెల్లదు. ఆ జవాబులు రాసేది నేను. పద్దెనిమిది సంవత్సరాలలో ఒక్కటీ తప్పిపోలేదు.

గడువు: 4వ రోజు

పెట్టె తుడిచాను. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి పైన వేసిన కాగితం అడుగుకు చేరడానికి రెండు సెకన్లకు పైగా పడుతుంది. కొందరు అది చేరేదాకా నిలబడి చూసి వెళతారు. నాకు అది నచ్చుతుంది.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్న మంచు తొలిచే పనివాడు. నన్ను తన షిఫ్టు ముగిసేదాకా గ్రంథాలయంలో కూర్చోబెట్టేవాడు. పరిపాలన గురించి అక్కడ ఉన్నది ఒకే ఒక పుస్తకం: అమెరికా ప్రభుత్వ వ్యవస్థ గురించి ఎవరో విద్యార్థుల కోసం రాసిన పాఠ్యపుస్తకం. మన పెద్దలు కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ దిగినప్పుడు, రాజ్యాంగం రాసుకోవడానికి వారికి దొరికిందీ అదే. కనుక మనకూ చట్టం చేసే సభ వేరు, అమలు చేసే అధ్యక్షురాలి కార్యాలయం వేరు, ఆ రెండింటినీ తూచే న్యాయపీఠం వేరు. ఆ అధ్యాయం పదమూడో ఏట నాకు అర్థం కాకపోతే నాన్న నన్ను, గని నుంచి బయటి శూన్యంలోకి వెళ్లే గాలిగది దగ్గరకు తీసుకువెళ్లాడు. బయటి తలుపుకు మూడు తాళాలు; వాటి చెవులు మూడూ ముగ్గురి దగ్గర ఉంటాయి. "ఒక్కనికి పిచ్చి లేస్తె మిగిలిన ఇద్దరు గనిని కాపాడుతరు బిడ్డా," అన్నాడు. పుస్తకంలో అదే సంగతి నూట నలభై పేజీలు ఉంది.

నా ఉద్యోగం అధ్యక్షురాలి కార్యాలయంలో; నేను రెండవ తాళానికి నూనె వేసే మనిషిని.

గడువు: 11వ రోజు

వచ్చిన అభిప్రాయాలు ఇరవై రెండు. పెట్టెలో ఒక చెంచా కూడా ఉంది. సత్తుది, ఇరవై రెండు గ్రాములు, కాడ చివర పంటి గాట్లు. ఎవరో కాగితంతో పాటు పొరపాటున జారవిడిచి ఉంటారు. పోయిన వస్తువుల పుస్తకంలో నమోదు చేశాను. ముప్పై రోజులలో ఎవరూ అడగకపోతే కరుగుబట్టీకి పంపాలి.

కార్యదర్శి మల్హర్‌రావు గారు అటుగా వెళుతూ చూసి, "ఏందయ్యా ఐలేశం, అభిప్రాయాల పెట్టెనా, క్యాంటీన్ సింకా?" అన్నారు. ఆయన హాస్యానికి నేను ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాను.

గడువు: 19వ రోజు

పెట్టెలో ఎడమ చేతి తొడుగు. తోలుది, బొటనవేలి దగ్గర కుట్టు విప్పి మళ్లీ వేశారు. మంచు తొలిచేవారిది. మా నాన్న తొడుగుల జత ఇటువంటిదే. ఎడమది నా దగ్గర ఉంది. నమోదు చేశాను.

గడువు: 27వ రోజు

ఎనభై ఎనిమిదవ అభిప్రాయం తొమ్మిదవ గల్లీ నివాసి, డ్రిల్లు నడిపే స్వరూప అనే ఆమెది. "మంచు అంచుకు ఉన్నమని ముందుగాల మమ్ములనే కోస్తరా? మా గల్లీ మాకు కావాలె," అని రాసింది. బాయిలర్ లెక్కలు, పిల్లల గది వేడి అంకెలు జతచేసి ఒకటిన్నర పేజీల జవాబు రాశాను. తొమ్మిదవ గల్లీ నుంచి వచ్చినవన్నీ వేడి గురించే. అన్నింటికీ లెక్కలతోనే జవాబు చెప్పగలిగాను.

గడువు: 35వ రోజు

పెట్టెలో అయిదు గుండీలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు. ఒకదానికొకటి కట్టి లేవు; పెట్టెను విసురుగా వంచగానే అయిదూ అయిదు వైపులకు ఎగిరిపోయాయి. పట్టుకోవడానికి ఆరు నిమిషాలు పట్టింది. నమోదు చేశాను.

గడువు: 44వ రోజు

పెట్టెలో దారం ముక్క, నలుపు, జానెడు, మధ్యలో తెగి ఒక్క పోగు మీద నిలిచి ఉంది. దారాన్ని కూడా నమోదు చేయాలా అని కొంత తటపటాయించాను. చేశాను. చెంచా గడువు ముగియడంతో మూడు రోజుల క్రితమే బట్టీకి పంపాను.

గడువు: 52వ రోజు

పెట్టెలో చిన్న రేకు డబ్బా, గట్టిగా బిగించిన మూతతో. ఊపి చూశాను, చప్పుడు లేదు. గుండుసూదులకు సరిగ్గా సరిపోతుందనిపించింది. కానీ వస్తువు నాది కాదు. నమోదు చేశాను. తొడుగు బట్టీకి వెళ్లి మూడు రోజులైంది.

గడువు: 60వ రోజు

అభిప్రాయాలు నూట నలభై మూడు. జవాబులు నూట నలభై మూడు. "అన్నింటికీ జవాబు ఇవ్వడమైనది" అని ధ్రువీకరించి సంతకం చేశాను. అధ్యక్షురాలు సాయంత్రం షిఫ్టులో సంతకం చేశారు. పది రోజులలో అమలు. క్యాంటీన్‌లో ఈ రోజు రెండో వడ అడిగి తిన్నాను.

గడువు ముగిశాక: 3వ రోజు

ఈ రోజు జరిగినదాన్ని జరిగిన వరుసలోనే రాయాలి.

ఉదయం స్వరూప వచ్చింది. డ్రిల్లు దుమ్ము ఇంకా మెడ మీద ఉంది. నా బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"సారూ, మా గల్లీల అందరికి జవాబులొచ్చినయి. నాక్కూడ ఒచ్చింది, చదువుకున్న. మంచిగ రాసిండ్రు, కోపమొచ్చింది గని మంచిగనే రాసిండ్రు. మా ఓదెమ్మవ్వకు ఎందుకు రాలే?"

జాబితా తీశాను. ఆ పేరు లేదు. "ఆమె నుంచి కాగితం ఏదీ రాలేదమ్మా," అన్నాను.

"కాగితం యాడికెల్లొస్తది? పదేండ్ల కింద గుంతల తలకు దెబ్బ తగిలింది ఆమెకు. మాట పోయింది, అచ్చరం పోయింది. తెలివి మాత్రం మీకూ నాకూ కలిపి ఉన్నంత ఉన్నది. అయిదుపార్లు మీ పెట్టెల ఏసొచ్చింది. ఒకపారి నేనే తోడొచ్చిన. అడుగున పడేదాంక నిలబడి సూసింది."

అయిదుసార్లు అనగానే నా చేయి వేరే పుస్తకం మీదకు వెళ్లింది. నేను పంపించలేదు, అదే వెళ్లింది. పోయిన వస్తువుల పుస్తకం తెరిచాను.

"చెంచా. సత్తుది. కాడ చివర పంటి గాట్లు," అని చదివాను.

"అవ్వనే అది," అంది స్వరూప. "మా గల్లీల ఒక్కొక్కలకు ఒక్కొక్క వస్తువు పేరు. నేను సూదిని. అవ్వ చెంచ. దెబ్బ తగిలినంక క్యాంటీన్ల వంట చేసిందిగద చాన్నాళ్లు. చెంచ అంటె 'నేను' అన్నట్టు."

"ఎడమ చేతి తొడుగు. బొటనవేలి దగ్గర మళ్లీ వేసిన కుట్టు."

"అదంటె వినుడు. గుంతల రేడియో పనిజెయ్యకపోతె ఎడమచెయ్యి మంచుగోడకు ఆనిస్తం సారూ, పక్కోడు కొట్టే దెబ్బ చేతికి తెలుస్తది. తొడుగంటె 'వినేటోళ్లు'."

"అయిదు గుండీలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం..." అక్కడ ఆగిపోయాను. ఎదురుగా గోడ మీద నేను గీసిన పటం ఉంది. అవే రంగులు, అదే వరుస.

మిగిలిన రెండింటినీ ఆమె అడగకుండానే చదివాను: తెగుతున్న దారం, మూత బిగించిన ఖాళీ డబ్బా.

స్వరూప పటం మీది అయిదు రంగుల మీదుగా వేలు నడిపింది. తరువాత మెల్లగా అంది: "నన్ను వినేటోళ్లను అయిదు దిక్కులకు పంపిస్తె దారం తెగుతది, నేను మూతేసిన డబ్బనైత. గంతే సారూ. పదేండ్లు పట్టింది మాకు ఆమె మాట నేర్చుకునేటందుకు. కొత్త గల్లీల ఎవ్వలకు తెలుస్తది?"

"ఈ సంగతి మీరైనా రాయవలసింది," అన్నాను. నా గొంతు నాకే కఠినంగా వినిపించింది.

"ఆమె మాట ఆమెది. మొదట్ల మేమే అడ్డంబడి ఆమె బదులు మాట్లాడేటోళ్లం. ఒకనాడు చెంచ తీసుకొని గోడకేసి కొట్టింది, గోడ సొట్టవడ్డది. గప్పట్నుంచి ఎవ్వలం మాట్లాడం. తనే చెప్పుకుంటనని మీ దగ్గరికొచ్చింది." చేయి చాపి, "చెంచ ఇయ్యుండ్రి, తీస్కపోత," అంది.

ముప్పై రోజుల నియమం గురించి చెప్పాను.

"అవ్వ పేరు కరగవెట్టిండ్రా?" అంది.

నేను తల ఊపాను. గుండీలు, దారం, డబ్బా మిగిలి ఉన్నాయి. గుండీలకు ఇంకా రెండు రోజుల గడువు ఉండేది.

గడువు ముగిశాక: 4వ రోజు

మల్హర్‌రావు గారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

"సంతకం చేసినవు గదనయ్యా."

"చేశానండి. తప్పు ధ్రువీకరణ చేశాను."

"పిల్లల గది పదహారుకు పడ్డది ఇయ్యాల. నా మనుమరాలు స్వెట్టర్ మీద స్వెట్టర్ ఏస్కోని ఉల్లిగడ్డ లెక్కున్నది. నువ్వు న్యాయపీఠం కాడికి పోతె నిబంధన ఆగుతది. నోరు మూసుకోమని నేను అంటలేను. ఏమవుతదో చెప్తున్న, గంతే."

ఆయన చెప్పినది నిజం. రాత్రి, అంటే నా నిద్ర షిఫ్టులో, కాగితం మీద రెండు నిలువు వరుసలు గీశాను. ఒకవైపు పందొమ్మిది మంది పిల్లలు. రెండవ వైపు ఒక చెంచా. ఎప్పటిలాగా ఏ వరుస పొడవుగా ఉంటే అది గెలుస్తుందనుకున్నాను. కానీ పాఠ్యపుస్తకంలో నేను చిన్నప్పుడు గీత గీసుకున్న భాగం గుర్తుకు వచ్చింది. ఎక్కువమంది ఓటుతో చట్టం అవుతుంది. కానీ తక్కువమందిని వినకుండా అయినది చట్టం కాదు. చిన్నప్పుడు అది నాకు వట్టి వ్యాకరణ సూత్రంలాగా కనిపించింది. కాగితం చించివేసి, నా ధ్రువీకరణను నేనే సవరిస్తూ న్యాయపీఠానికి దరఖాస్తు రాశాను.

గడువు ముగిశాక: 6వ రోజు

విచారణ క్యాంటీన్ వెనుక గదిలో జరిగింది. న్యాయమూర్తి అనసూయ గారు. ఓదెమ్మ స్వరూప భుజం పట్టుకుని వచ్చింది: పొట్టి మనిషి, నెరిసిన జుట్టు కత్తిరించి ఉంది, అందరినీ నేరుగా చూస్తుంది. నన్ను మరీ నేరుగా చూసింది.

మల్హర్‌రావు గారు ప్రభుత్వం తరఫున వాదించారు. "ఇయ్యాల చెంచ అభిప్రాయమంటె రేపు పెట్టెల పడ్డ ప్రతి గుండీకి జవాబు రాసుకుంట కూసోవాలె, అమ్మగారూ."

"గుండీలు సుత ఉన్నయట గదా, అయిదు," అన్నారు న్యాయమూర్తి. వెనుక ఎవరో నవ్వారు.

మన రాజ్యాంగం పన్నెండవ అధికరణం చదివి వినిపించారు: అభిప్రాయం ఏ రూపంలోనైనా ఉండవచ్చు. దిగినవారిలో సగం మందికి చదువు రాదు కనుక పెద్దలు ఆ మాట చేర్చారట. అరవై ఏళ్లలో ఎవరూ దాన్ని వాడుకోలేదు. తరువాత నన్ను జాబితా చదవమన్నారు. తేదీ, వస్తువు, బరువు, గుర్తులు. నేను చదువుతుంటే ఓదెమ్మ ప్రతి పేరుకూ తల ఊపింది. చెంచా దగ్గర మాత్రం ఊపలేదు.

"ఆమె చెప్పిన వరుస ఇదేననడానికి ఆధారమేంది?" అని న్యాయమూర్తి అడిగారు.

"నా జాబితా ఒక్కటే అండి. వస్తువులలో రెండింటిని నేనే పోగొట్టాను."

అప్పుడు ఓదెమ్మ లేచింది. స్వరూప ఎడమ చేతి తొడుగు లాగి తీసి, నడిచి వెళ్లి న్యాయమూర్తి బల్ల మీద పెట్టింది. గదిలో ఎవరూ దాని అర్థం చెప్పలేదు. అనసూయ గారు కొంతసేపు దాన్ని చూసి, తన ఎడమ చేతికి తొడుక్కున్నారు. తీర్పు చెప్పి ముగించేదాకా తీయలేదు.

నిబంధనను కొట్టివేయలేదు, అమలు మాత్రం ఆపారు. పిల్లల గది సంగతి తాను మరువలేదని, కనుక పది రోజులు మాత్రమే ఇస్తున్నానని అన్నారు. ఆ పది రోజులలో నూట నలభై నాలుగవ అభిప్రాయానికి కార్యాలయం జవాబు ఇవ్వాలి; చెప్పిన మనిషికి అర్థమయ్యే రూపంలో ఇవ్వాలి. నా ధ్రువీకరణ అధికారం ఆరు నెలలు రద్దు. అది న్యాయమే. బయటకు వస్తూ మల్హర్‌రావు గారు నా వీపు మీద ఒకటి చరిచి, "పో, పని సూడు," అన్నారు.

గడువు ముగిశాక: 8వ రోజు

పటం ముందు కూర్చున్నాను. ఇంతకాలం నేను వేసుకున్న ప్రశ్న ఒకటే: గదులు ఎక్కడ ఖాళీగా ఉన్నాయి? ఆ ప్రశ్నకు నా పటం సరైన జవాబు. ఓదెమ్మ అడిగింది వేరే ప్రశ్న. వేడి ఆపవద్దని ఆమె అనలేదు. గల్లీని వదలనని కూడా అనలేదు. దారం గురించి మాత్రమే అడిగింది.

తొమ్మిదవ గల్లీ వారందరికీ కలిపి పద్నాలుగు గదులు కావాలి. అయిదవ గల్లీలో, పటంలో ఆకుపచ్చ, ఎనిమిది ఖాళీ. ఇంకా ఆరు కుటుంబాలు తమంతట తాము వేరే గల్లీలకు మారితే ముప్పై ఒక్క మందీ ఒకే చోట ఉంటారు. నేను నివసించేది అయిదవ గల్లీలోనే కనుక ఆ విషయాన్ని ఫైలులో ముందే ప్రకటించాను.

గడువు ముగిశాక: 12వ రోజు

నాలుగు రోజులు స్వరూపను వెంటబెట్టుకుని తలుపులు తట్టాను. మొదటి ఇంటాయన, "ఇన్నేండ్లు పక్కనే ఉన్నవు, ఒక్కనాడు తలుపు కొట్టలే. ఇయ్యాల కొట్టి ఇల్లు ఖాళీ చెయ్యమంటవా?" అన్నాడు. నేను లెక్కల కాగితం చాపాను, ఆయన తీసుకోలేదు. ఓదెమ్మ సంగతి స్వరూప చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు, నన్ను తిట్టుకుంటూనే.

అయిదు కుటుంబాలు సంతకం చేశాయి. ఆరవది దొరకలేదు.

గడువు ముగిశాక: 13వ రోజు

ఆరవదిగా నా గది ఇచ్చాను. గల్లీ చివర నా జాబితాలు దాచుకున్న కొట్టుగది ఉంది. ఒక మనిషి పడుకోవచ్చు, జాబితాలు లేకపోతే. ఇరవై రెండేళ్ల కాగితం, అరవై ఒక్క కిలోలు. అందులో నేను తిన్న భోజనాల జాబితాలు కూడా ఉన్నాయి. బట్టీ బండిలో వేస్తుంటే స్వరూప, "ఒక్కటన్న ఉంచుకోన్నా," అంది. 'సారూ' పోయి 'అన్నా' ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. పోయిన వస్తువుల పుస్తకం ఉంచుకున్నాను.

బట్టీ దగ్గర వాళ్ల జాబితా అడిగాను. నలభై ఒకటవ రోజు కరుగు మొత్తం పద్దెనిమిది కిలోలు, మేకులుగా పోశారు. ఆ మేకులలో రెండు ఇంకా వాడలేదు. వాటిని చెంచాగా పోయించాను. అందులో ఆమె చెంచా లోహం ఎంత ఉంటుందో లెక్క కట్టగలను. కట్టలేదు.

గడువు ముగిశాక: 15వ రోజు

పగటి షిఫ్టులో తొమ్మిదవ గల్లీకి వెళ్లాను. సామాన్లు మూటలు కట్టి ఉన్నాయి. అందరూ గుమ్మాలలో నిలబడ్డారు. ఓదెమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చున్నాను. నూట నలభై నాలుగవ అభిప్రాయానికి జవాబును ఒక్కొక్కటిగా పెట్టాను.

ముందు చెంచా. ఆమె దాన్ని తిప్పి చూసింది. కాడను నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికింది. గాటు పడింది. తృప్తిగా తల ఊపింది.

తరువాత మా నాన్న ఎడమ తొడుగు.

తరువాత అయిదు గుండీలు, విడివిడిగా కాదు. ఆమె దారాన్నే తెగిన చోట ముడివేసి, అయిదింటినీ గుచ్చి తెచ్చాను, ఆకుపచ్చ గుండీ మధ్యలో వచ్చేలాగా. ఆ ముడి నాకు సరిగ్గా రాలేదు. ఆమె విప్పి, తన పద్ధతిలో మళ్లీ వేసింది.

చివరగా డబ్బా. మూత ఇంకా బిగించే ఉంది. నేను తీయవలసింది కాదనిపించింది.

ఆమె మిగిలినవాటిని పక్కకు జరిపింది. తరువాత డబ్బా తీసుకుని, రెండు బొటనవేళ్లతో మూతను లేపింది. చిన్న చప్పుడు వచ్చింది. తెరిచిన డబ్బాను తన ఒడిలో పెట్టుకుంది. మూతను నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూసింది.

గుమ్మాలలో నవ్వులు మొదలయ్యాయి. ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఏమంది?" అని అడిగాను.

స్వరూప కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "ఏమనలేదన్నా. పేరు పెట్టింది నీకు."

"మూతనా?"

"మరి సూదికంటె నయం గాదూ? రేపట్నుంచి గల్లీల ఎవ్వలన్న మూత ఊపుకుంట తిరిగితె నిన్నే పిలుస్తున్నట్టు. రావాలె మరి."

వస్తానన్నాను. ఇప్పుడు కొట్టుగదిలో కూర్చుని పోయిన వస్తువుల పుస్తకంలో ఈ చివరి నమోదు చేస్తున్నాను.

వస్తువు: డబ్బా మూత, రేకుది, ఏడు గ్రాములు, అంచున సొట్ట. దొరికిన చోటు: తొమ్మిదవ గల్లీ. సొంతదారు: దాసరి ఐలేశం, నివాసం అయిదవ గల్లీ. బట్టీకి పంపవలసిన తేదీ: లేదు.